రబ్బరు మొక్కకు రెండు చెంచాల పంచదార

ఒక పెద్ద టెక్నాలజీ కంపెనీని ముప్పుతిప్పలు పెట్టాలంటే హ్యాకర్లే దిగాలని మీరు అనుకుంటారు. అక్కర్లేదండీ. ఒక కప్పు కాఫీ, ఒక పూలకుండీ, బుద్ధి సగమే ఉడికిన ఒక మగాడు ఉంటే చాలు. ఆ మగాణ్ని నేనే. చీమలు ఎక్కడెక్కడ ఎక్కాయో, బెంగళూరు నుంచి వచ్చిన మేడమ్ మీటింగు మధ్యలో కుర్చీ వదిలి ఎందుకు గెంతారో, నా నేరాన్ని రుజువు చేయమని సెక్యూరిటీవాణ్ని నేనే ఎందుకు బతిమాలానో అంతా చెబుతాను. హాయిగా నవ్వుకోండి. మధ్యలో ఒకటి రెండు చోట్ల నవ్వు రాకపోతే మాత్రం నన్ను తిట్టకండి, అక్కడ నాకూ రాలేదు.

ముందు నా ఉద్యోగం సంగతి. నా బల్ల మీద 'సప్లయర్ రిలేషన్‌షిప్ మేనేజర్' అని బోర్డు ఉండేది. రిలేషన్‌షిప్ అనే మాట నా జీవితం మొత్తమ్మీద ఆ బోర్డు మీద ఒక్కచోటే ఉండేది. కంపెనీకి సరుకులూ సేవలూ అందించే వాళ్లందరికీ మార్కులు వేయడం నా పని. కంప్యూటర్లు అద్దెకిచ్చేవాళ్లు, ఏసీలు చూసేవాళ్లు, క్యాబులు తిప్పేవాళ్లు, క్యాంటీన్ నడిపేవాళ్లు, ఊడ్చేవాళ్లు, చీమల మందు కొట్టేవాళ్లు, ఆఖరికి వరండాల్లో మొక్కలు పెట్టేవాళ్లు కూడా నా లెక్కలోకే వచ్చేవారు. అసలు పేరు సన్యాసినాయుడు, మా తాతది. ఆఫీసులో నోరు తిరక్క 'శాన్' అని కత్తిరించారు. ముప్పై మూడేళ్లొచ్చి పెళ్లి కాని నాకు కత్తిరించని పేరే నప్పేది.

మాది విజయనగరం అవతల ఓ పల్లె. ఎనిమిదేళ్లు బెంగళూరులో ఉండి, విశాఖకు బదిలీ అనగానే ఇంటికి వచ్చినట్టే అని సంబరపడ్డాను. వచ్చాక చూస్తే ఊరు నాది, ఊళ్లో మనిషి ఒక్కడూ నావాడు కాడు. మద్దిలపాలెం డిపో వెనక ఒక గది తీసుకున్నాను. పొద్దున్న లేస్తే బస్సులు వెనక్కి పోయేటప్పుడు కండక్టర్లు వేసే కేకలు, "రైట్, రైట్" అని. ఆ గదిలో నాకు వినిపించే మనిషి గొంతు అదొక్కటే. అది కూడా బస్సు కోసం.

ఆఫీసులో మనుషులు లేరా అంటే, వందల్లో ఉన్నారు. నేను క్యాంటీన్లో ప్లేటు పట్టుకుని ఎవరి పక్కన కూర్చున్నా మాటలు ఠక్కున మారిపోయేవి.

"శాన్, సాంబారులో నీళ్లెక్కువ. రాసుకో."

"శాన్, నిన్న నా క్యాబు ఇసుకతోటలో పావుగంట ఆగిపోయింది. రాసుకో."

తింటున్న చేత్తో ఎక్కడ రాసుకోను? ఇటు వీళ్లు ఇలా ఉంటే, అటు సప్లయర్లు నన్ను చూడగానే లేచి నిలబడి చేతులు కట్టుకునేవారు. వాళ్లతోనైనా ఓ టీ తాగుదామంటే కంపెనీ నిబంధన అడ్డం. మార్కులు వేసేవాడు మార్కులు వేయించుకునేవాడి నుంచి టీ చుక్క కూడా పుచ్చుకోకూడదు. సాయంత్రం బీచికి వెళ్లి ముంత మసాలా కొనుక్కునేవాణ్ని. ఆ బండి ఆయన రోజూ ఒకే ప్రశ్న వేసేవాడు, "ఒకటేనా బాబూ?" అని. రోజూ ఒకే జవాబు చెప్పి, దూరంగా లంగరేసుకుని పోర్టులోకి పిలుపు కోసం ఎదురుచూసే ఓడల్ని చూస్తూ తినేవాణ్ని. వాటిని ఎప్పుడో ఒకప్పుడు లోపలికి పిలుస్తారు.

ఇప్పుడు మా మార్కుల పద్ధతి చెప్పాలి, ఎందుకంటే నా కొంప ముంచింది అదే. సప్లయర్ పని బాగుంటే పచ్చ. పచ్చవాళ్లతో మూడు నెలలకోసారి తెర మీద నాలుగు ముక్కలు మాట్లాడితే చాలు. పని అంతంతమాత్రంగా ఉంటే పసుపు. పసుపువాళ్లు ప్రతి బుధవారం మధ్యాహ్నం మనిషిగా వచ్చి, నా ఎదురుగా గంటసేపు కూర్చుని, ఎలా మెరుగుపడతారో చెప్పాలి. ఎరుపు వస్తే ఇంటికే. మా దగ్గర ఎరుపు పడ్డవాణ్ని ఊళ్లో మరే ఆఫీసూ గడప తొక్కనివ్వదు.

మొక్కల సప్లయర్ పైడిరాజు పసుపువాడు. తగరపువలస దగ్గర హైవే పక్కన నర్సరీ. నాకంటే పదేళ్లు పెద్ద, నల్లగా, పొట్టిగా, గోళ్లలో ఎప్పుడూ మట్టి. మొదట్లో అతని మొక్కలు మా ఏసీకి తట్టుకోలేక ఆకులు రాల్చేవి. నేను చేయగలిగినంత గంభీరంగా మొహం పెట్టి అడిగాను.

"పైడిరాజు గారూ, మొక్కలు ఎందుకిలా అయిపోతున్నాయి?"

"మీ ఏసీకి మడిసే ముడుసుకుపోతాడు సార్, మొక్కనగా ఎంత? కొంచెం టైమియ్యండి, అలవాటు సేత్తాను. మీది ఏ ఊరు సార్?"

"విజయనగరం సైడ్."

"సైడంటే ఏ సైడు సార్? విజయనారానికి నాలుగు సైడులున్నాయి."

ఊరి పేరు చెప్పాను. అతను కుర్చీలో వెనక్కి వాలాడు. "మరలాగ సెప్పండి. మీ పక్కూరే మా యావిడది. మీ ఊరి సంతలో నాను నారు అమ్మినాను."

"ఓర్నీ, మరి నాను సూడనేదేటి?" అన్నాను.

అనేశాక నేనే ఉలిక్కిపడ్డాను. 'నాను' అనే మాట నా నోట్లోంచి బయటికొచ్చి ఎనిమిదేళ్లయింది. అది ఇంకా లోపల బతికే ఉందని నాకే తెలియదు. పైడిరాజు నవ్వాడు. ఆ రోజు నుంచి నన్ను సార్ అనడం మానేసి బాబూ అన్నాడు, నేనూ అతన్ని మావా అన్నాను.

ఆ తర్వాత బుధవారాలు ఎలా గడిచేవో చెబితే మీరు నమ్మరు. మొక్కల గురించి పది నిమిషాలు, మిగతాదంతా లోకం గురించి. వాన పడిందా, వంజరం చేప ధర ఎంత, అతని బావమరిది పరవాడలో ఉద్యోగంలో ఎందుకు చేరి ఎందుకు మానేశాడు, నాకు పిల్లనిచ్చే ఇల్లు ఏ వీధిలో ఉంది, ఇవీ మా ఎజెండా. పైడిరాజు ఇంటి నుంచి ఫ్లాస్కులో అల్లం టీ తెచ్చుకునేవాడు. మొదటిసారి మూతలో పోసి నా వైపు జరిపాడు.

"వద్దు మావా, రూలు ఒప్పుకోదు."

"మీ రూలు మీది, నా ఫ్లాస్కు నాది," అని తానే తాగేశాడు.

వాసన పీల్చకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు కాబట్టి నేను పీల్చేవాణ్ని. వారంలో మిగతా ఆరు రోజులూ ఆ వాసన మీద నెట్టుకొచ్చేవాణ్ని.

ఇలా ఉండగా ఒక బుధవారం పైడిరాజు కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. "ఈపాలి ఒక్క పండాకు కూడా నేదు బాబూ. కావాలంటే ఎతుక్కోండి."

వెతికాను. అంతస్తు అంతస్తూ తిరిగాను. మొక్కలన్నీ పెళ్లికి తయారైన ముత్తయిదువుల్లా నిగనిగలాడుతున్నాయి. న్యాయంగా అయితే ఆ క్షణమే పచ్చ వేసి కరచాలనం చేయాలి. కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పచ్చ మీద వేలు పెట్టబోతే ఒక్కటే గుర్తొచ్చింది, పచ్చ వస్తే బుధవారం పోతుంది. వేలు దానంతట అదే పసుపు మీదికి జారింది.

"ఆకుల మీద దుమ్ముంది," అన్నాను, తాటిచెట్టు ఎక్కినవాడు దూడగడ్డి కోసం అన్నట్టు.

"అది పోర్టు దుమ్ము బాబూ. నా మొక్క మీదే కాదు, మీ కాలరు మీదా ఉన్నాది."

అలా అన్నాడే గాని, మరుసటి రోజే ఇద్దరు ఆడవాళ్లను తెచ్చి ఒక్కో ఆకూ తడిగుడ్డతో తుడిపించాడు. తర్వాతి బుధవారం నేను కుండీలు వరసలో లేవన్నాను. అతను తాడు కట్టి, తాపీమేస్త్రీలా ఒక కన్ను మూసి, అన్నింటినీ ఒక గీత మీదికి తెచ్చాడు. ఆపై వారం ఏమీ దొరక్క, "మూడో అంతస్తు మొక్క డల్‌గా ఉంది," అన్నాను.

"డల్లంటే ఏటి బాబూ?"

"అంటే, ఉత్సాహం లేదు."

"మొక్కకేటి ఉచ్చాహం? పెళ్లికెల్తాదా?"

మీకు నవ్వొస్తోంది కదా, నాకూ అప్పుడు వచ్చింది, ఆపుకున్నాను. అతను మాత్రం నవ్వలేదు. ఆ మొక్క దగ్గర చాలాసేపు నిలబడి, చివరికి దాన్ని వ్యానెక్కించి ఇంకోటి తెచ్చాడు. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ పిల్లికి చెలగాటమూ కాదు, ఒంటరితనం. ఎలుక ప్రాణం సంగతి మాత్రం పిల్లికి తట్టలేదు.

చివరికి లోపం అన్నది భూతద్దం పెట్టినా దొరకని వారం వచ్చింది. మంగళవారం సాయంత్రం. అందరూ క్యాబుల కోసం దిగిపోయారు. మెషీన్ దగ్గర కాఫీ పట్టుకున్నాను, పంచదార రెండింతలు నొక్కి. పెద్ద మీటింగు గదిలో ఒక రబ్బరు మొక్క ఉండేది, మోచేతి పొడుగు ఆకులతో, ఊరి పెద్దలా మూలన నిలబడి. అటు చూశాను, ఇటు చూశాను. ఒక్క ఆకు పండితే చాలు, ఒక్క వారం దొరుకుతుంది అనుకుని, కాఫీ మొత్తం మొదట్లో పోసేశాను.

ఆకు పండలేదు. ఆ మొక్క పుట్టు బుద్ధే మొండిదో, నా కాఫీయే అమృతమో, వారం తిరిగేసరికి నెత్తిన ఎర్రటి కొత్త మొగ్గ పెట్టింది. కాకపోతే మట్టి పులిసిన వాసన వేస్తోంది. నాకు అదే పదివేలు. పైడిరాజును పిలిచి చూపించాను. అతను మట్టి పిడికిట్లోకి తీసుకుని వాసన చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"ఎరువు సరిగా మగ్గనేదు బాబూ. నాదే తప్పు. బేగి మార్సేత్తాను."

మార్చాడు. నేను మళ్లీ మంగళవారం కాఫీ పోశాను. అతను మళ్లీ మార్చాడు. ఈ పోత, మార్పుల మధ్య మూడో మనిషి ఎవరో చూస్తున్నారని మాకు తెలియదు. మూడో మనిషి కాదు, మూడో జాతి.

చీమలు వచ్చాయి. మొదట గోడ మీద సన్నటి గీతలా. తర్వాత కీబోర్డుల్లోంచి. తర్వాత మధ్యాహ్నం అన్నం డబ్బాల్లోకి. ఒకమ్మాయి ఇయర్‌ఫోన్ పెట్టుకుని కేక వేస్తే అంతస్తు మొత్తం లేచి నిలబడింది. మెయిళ్లు నా మీద వానలా పడ్డాయి. 'శాన్, చీమలు. రాసుకో.' అన్ని వైపుల నుంచీ రాసుకో, రాసుకో. నా జీవితంలో అంతమంది నన్ను తలుచుకున్న వారం అదొక్కటే.

నిబంధన ప్రకారం సంబంధించిన సప్లయర్లందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టాను. చీమల మందు ఆయన, ఊడ్చే కాంట్రాక్టు ఆవిడ, క్యాంటీన్ ఆయన, పైడిరాజు. న్యాయమూర్తి స్థానంలో నేను. దొంగకే తాళాలు ఇవ్వడం అంటే ఇదేనండి.

"మందు పది రోజుల కిందే కొట్టించినాం సార్. తిండి దొరికితే సీమ రాదేటి? ఊడ్సడం సరిగా నేదు," అన్నాడు మందు ఆయన.

"మావోల్లు నేలని అద్దంలాగ తుడుత్తన్నారు," అంది ఊడ్చే ఆవిడ. "క్యాంటీన్ ఓల్లు స్వీట్లు ట్రేల్లో పైకి పంపుతన్నారు. ముందు ఆల్లనడగండి."

"మా స్వీటులో పంచదారేదండి సీమ రావడానికి?" అన్నాడు క్యాంటీన్ ఆయన. అతను నిజం ఒప్పుకున్నది ఆ ఒక్కసారే.

నేను నోట్‌ప్యాడ్ మీద గీతలు గీస్తూ తల పంకించాను. అంతలో పైడిరాజు మెల్లగా లేచాడు.

"మీరు కొట్టుకోకండి. సీమలు నా రబ్బరు మొక్క కుండీలోంచే వత్తన్నాయి. పొద్దున్న సూసినాను. తప్పు నాదే."

మిగతా ముగ్గురూ హమ్మయ్య అనుకున్నారు. నేను నోట్‌ప్యాడ్ మూసేశాను. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఫిర్యాదులు అన్ని వచ్చేసరికి సిస్టమ్ నన్ను అడగకుండానే పైడిరాజుకు ఎరుపు వేసేసింది. బెంగళూరులో మా కొనుగోళ్ల విభాగానికి పెద్ద అయిన మాలిని గారు స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. ఆవిడ తెలుగువారే, మాట మెత్తన, నిర్ణయం గట్టి.

పైడిరాజుకు ఆ ఎరుపు అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. మా కాంట్రాక్టు చూసుకుని అతను పక్క జాగా కౌలుకు తీసుకుని నీడ పందిరి వేశాడు. మా ఆఫీసు చూసి ఇంకో రెండు ఆఫీసులు అతన్ని రమ్మన్నాయి. ఎరుపు పడితే మూడూ పోతాయి. అంతా నేను పోసిన కాఫీకి. కాఫీ పోయనేల, చీమలు దులపనేల అని నన్ను నేను తిట్టుకుంటూ ఆ వారమంతా అన్నం కెలికాను గాని తినలేదు.

మీటింగు ఆ పెద్ద గదిలోనే, ఆ రబ్బరు మొక్క పక్కనే, ఆ నలుగురు సప్లయర్లతోనే. మాలిని గారు ఫైలు తెరిచి, "పైడిరాజు గారూ, మీ మీద మాకు గౌరవం ఉంది, కానీ," అన్నారు. అంతలో ఒక చీమ ఆవిడ మోచేతి మీదుగా జాకెట్టు లోపలికి నడిచింది. ఆవిడ కుర్చీ వదిలి గెంతారు. నీళ్ల సీసా దొర్లింది. దులుపుకుని, ఊపిరి పీల్చుకుని, నిలబడే మాట పూర్తి చేశారు.

"కానీ, ఈ నెలాఖరుతో మీ కాంట్రాక్టు ఆపేస్తున్నాం."

పైడిరాజు దండం పెట్టాడు. "సరే మేడమ్. ఒక్క మాట. ఆ రబ్బరు మొక్కని ఇయాలే తీసుకెల్తాను. దానికి ఒంట్లో బాగోనేదు. ఇక్కడుంటే సచ్చిపోతాది."

అంతే, నేను లేచి నిలబడ్డాను.

"మేడమ్, చీమలు నావి."

"ఏమిటి?"

"చీమలు నావి మేడమ్. అతనివి కావు. ఆ మొక్కకు నేను కాఫీ పోశాను. ప్రతి మంగళవారం. పంచదార రెండింతలు."

గదిలో ఎవరూ నవ్వలేదు. అంతకన్నా ఘోరం, ఎవరూ నమ్మలేదు. మాలిని గారు ఫైలు మూసి గొంతు తగ్గించారు.

"శాన్, ఇతను మీకు ఏం ఇస్తున్నాడు?"

"ఏమీ ఇవ్వడు మేడమ్. టీ కూడా ఇవ్వడు."

"మరి ఇతని తప్పు మీరెందుకు నెత్తిన వేసుకుంటున్నారు?"

చూశారా, నా రాత? తప్పు చేసినప్పుడు అందరూ నమ్మారు, ఒప్పుకున్నప్పుడు ఒక్కరూ నమ్మరు. సెక్యూరిటీ సూపర్‌వైజర్ సూరిబాబు కోసం పరుగెత్తాను. "సూరిబాబూ, మంగళవారం సాయంత్రాల కెమెరా బొమ్మలు కావాలి. దయచేసి నన్ను పట్టించు," అని బతిమాలాను. తన సర్వీసులో ఇలాంటి దరఖాస్తు రాలేదన్నాడు. ల్యాప్‌టాప్ తెచ్చి పెద్ద తెరకు తగిలించి వెతికాడు.

"అదుగోండి సార్, మీరే. భలే క్లియర్‌గా పడ్డారు. ముందు అటు సూసినారు. మరి ఇటు సూసినారు. ఇదిగో, కెమెరా కేసి కూడా సూసినారు."

గోడంత తెర మీద గోడంత నేను, కప్పు వెనక దాచుకుని, కుక్కకు భయపడే పోస్ట్‌మ్యాన్‌లా అడుగులో అడుగు వేస్తూ మొక్క దగ్గరికి వెళ్లాను. కాఫీ పోశాను. జేబురుమాలు తీసి ఆకు తుడిచాను. తర్వాత పెదాలు కదిలాయి.

"ఆ మొక్కతో ఏం మాట్లాడుతున్నారు?" అన్నారు మాలిని గారు.

"ఏమనుకోకు అన్నాను మేడమ్."

అప్పుడు నవ్వారండీ. మందు ఆయన బల్ల మీద కొట్టి నవ్వాడు, ఊడ్చే ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది, సూరిబాబు అదే ముక్క మళ్లీ వేసి చూపించాడు. మాలిని గారు కూడా చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అదయ్యాక అడిగారు, "ఎందుకు చేశారు శాన్?"

ఆ ప్రశ్నకు తయారుగా లేను. నిజం తప్ప ఇంకేం తోచలేదు. "మొక్కలు బాగుంటే పచ్చ వేయాలి. పచ్చ వేస్తే అతను బుధవారం రాడు మేడమ్."

"మీకు స్నేహితులు లేరా?"

"సప్లయర్లున్నారు మేడమ్."

మళ్లీ నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. పైడిరాజు తెరను చూడటం మానేసి నన్ను చూశాడు. "అంటే, నా మొక్కలు బాగానే ఉన్నాయా సార్? మొదట్నించీ?"

బాబూ అనలేదు. సార్ అన్నాడు. నేను తల ఊపాను. అతను మొక్కను అక్కడే వదిలి, ఫ్లాస్కు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

శిక్ష సంగతి ఒక్క ముక్కలో అయిపోతుంది. పైడిరాజుకు పచ్చ వచ్చింది, నాకు హెచ్చరిక ఉత్తరం వచ్చింది. మొక్కలు, మందు, ఊడ్చే పని, క్యాంటీన్ అన్నీ నా దగ్గర్నుంచి తీసేసి, కేబుళ్లు అమ్మే కంపెనీలను అప్పగించారు. వాళ్లంతా ఎక్కడో దూరాన ఉంటారు, తెర మీద మొహం కూడా చూపించరు, గుండ్రటి చుక్కలో పేరు మొదటి అక్షరం ఒక్కటే వెలుగుతుంది. ఆ అక్షరాలతోనే మాట్లాడేవాణ్ని. పైడిరాజుకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేది. బుధవారం మధ్యాహ్నం అయ్యేసరికి కాళ్లు వాటంతట అవే ఆ పెద్ద గదికి తీసుకెళ్లేవి. రబ్బరు మొక్క కొత్త ఆకు విప్పి నిలబడి ఉండేది. దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ని. ఆఫీసులో పేరు కూడా మారింది, శాన్ పోయి 'కాఫీ' అయ్యాను. చాలా ఒంటరిగా ఉండేదండీ. దీని మీద జోకు వేయాలని చాలాసార్లు ప్రయత్నించాను, రాలేదు.

చివరికి ఒక ఆదివారం మద్దిలపాలెంలో బస్సెక్కి తగరపువలస పోయాను. నర్సరీ చూడగానే గుర్తుపట్టాను, కుండీలన్నీ తాడు కట్టినట్టు ఒకే గీత మీద ఉన్నాయి. పైడిరాజు పైపుతో నీళ్లు పడుతున్నాడు. నన్ను చూశాడు, పలకరించలేదు. ఒక వరస పూర్తయ్యేదాకా నిలబడ్డాను. రెండో వరస మొదలుపెట్టాడు. అదీ అయ్యేదాకా నిలబడ్డాను.

"ఎండలో నిలబడకండి సార్," అన్నాడు ఆఖరికి. "డల్లయిపోతారు."

"తిట్టు మావా. దానికే వచ్చినాను."

పైపు కట్టేశాడు. "తిట్టడానికేటుంది? నా సెయ్యే సెడిపోనాదనుకున్నాను. ఇరవయ్యేళ్లనాడు మొక్క ఎట్టిన సెయ్యి. ఎరువు మార్సినాను, మట్టి మార్సినాను, నిద్ర మానేసినాను. మా యావిడ ఆ ఆఫీసు ఒగ్గేయమన్నాది. ఒగ్గనేకపోనాను. ఎందుకో తెలుసా? బుధారం మీరు ఎదురుసూత్తారని."

నేను వంగి, కాళ్ల దగ్గర రాలిన ఆకు ఒకటి తీశాను.

"ఊరికే రమ్మంటే రానేటి?" అన్నాడు. "పైడిరాజూ, ఓపాలి రా, కూకుందాం అంటే సాలదేటి? దానికి మొక్కని తాగుబోతుని సెయ్యాలా?"

ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, రెండూ ఒకేసారి వచ్చి ముక్కులోంచి ఏదో వింత శబ్దం వెళ్లింది. పైడిరాజు పక్కకు తిరిగి మొహం దాచుకున్నాడు గాని భుజాలు కదులుతున్నాయి. తర్వాత పందిరి కింద స్టూలు వేశాడు, ఫ్లాస్కు తెచ్చాడు, మూతలో పోసి నా వైపు జరిపాడు.

"ఇప్పుడు మీరు నాకు మార్కులేసీవోరు కాదు గదేటి. తాగండి."

కేబుళ్లవాళ్లకు జై అనుకుని తీసుకున్నాను. నెలల తరబడి వాసన మాత్రమే పీల్చిన టీ. ఒక గుక్క తాగి కళ్లు తేలేశాను. పాకం.

"ఇంత పంచదార ఏటి మావా?"

"సీమలు రావద్దా మరి?" అన్నాడు, చాలా మర్యాదగా.

తాగేశాక పైపు నా చేతికిచ్చాడు. మూడో వరస నేను పట్టాను. సగం నీళ్లు కుండీల్లో పడ్డాయి, సగం నా ప్యాంటు మీద పడ్డాయి. అతను చేతులు కట్టుకుని, మీటింగుల్లో నేను పెట్టే మొహం అచ్చంగా పెట్టి చూశాడు.

"పని అంతంతమాత్రం. నీళ్లు వరసగా పడ్నేదు. ఉచ్చాహం ఉన్నాది గాని ఒడుపు నేదు. నీకు పసుపు బావా. పతీ ఆదారం రావాల, గంట కూకోవాల, ఎలా బాగుపడతావో సెప్పాల."

బావా అన్నాడు. విన్నారు కదా, నేనైతే స్పష్టంగా విన్నాను.

అందుచేత, ఈ నర్సరీలోని సకల మొక్కల సాక్షిగా, ముఖ్యంగా పెద్ద గదిలోని ఆ రబ్బరు మొక్క సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక నా కంఠంలో ప్రాణం ఉండగా ఏ మొక్కకూ కాఫీ పోయను, టీ పోయను, పాలు కూడా పోయను. మనిషి కావాలనిపిస్తే మనిషినే అడుగుతాను. ఆదివారం బస్సు తప్పిపోనివ్వను. నా రేటింగు ఇప్పటికీ పసుపే. ఈ మధ్య నీళ్లు పట్టడం కాస్త బాగానే వచ్చేస్తోంది, జాగ్రత్తగా ఉండాలి.